ఆరు కింద ఎర్ర చుక్కలు

కిందటివారం మనం మేస్త్రిని వర్క్‌షాపు గుమ్మంలో, చేతిలో కమిటీ నోటీసుతో వదిలేసి వచ్చాం. రాత్రంతా అక్కడే నిలబడ్డాడని జాలిపడకండి. ఇంటికి వెళ్లాడు, కంచం ముందు కూర్చున్నాడు, రెండు ముద్దలు కెలికి లేచాడు, పడుకున్నాడు. నిద్ర మాత్రం పట్టలేదు. తెల్లారగానే మళ్లీ వచ్చి, అదే గుమ్మంలో అదే కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

కథలోకి ఇప్పుడే అడుగుపెడుతున్నవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. మన మేస్త్రి ఇరవై రెండేళ్లుగా ఈ గోల్ఫు క్లబ్బు వెనకాల గదిలో సభ్యుల కర్రలు సరిచేస్తున్నాడు. ఎవరి ఎత్తుకి ఎంత పొడుగు, ఎవరి పట్టుకి ఎంత లావు, ఎవరి దెబ్బకి కర్ర చివర ఏ ఇనుప తల నప్పుతుందో చూసి చెబుతాడు. 'మేస్త్రి చెయ్యి తప్పదు' అని క్లబ్బులో ఒక నానుడి. ఆ నానుడిని మొదట పుట్టించింది ఎవరని ఆరా తీస్తే మేస్త్రి దగ్గరే తేలుతుందేమో కానీ, ఇప్పుడా ఆరా మనకెందుకు.

అతని అక్క మొగుడు ముప్పై అయిదేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. జేబులో ఎప్పుడూ ఎర్ర మైనపు పెన్సిల్ ఉంటుంది, నున్నటి కాగితం మీద కూడా రాసే రకం. అందుకే క్లబ్బులో అందరూ ఆయన్ని 'ఎర్ర పెన్సిల్' అంటారు. ఒకసారి బంతి పక్కనున్న ఆకు తీస్తుంటే బంతి వెంట్రుకవాసి కదిలిందట. ఎవరూ చూడలేదు. ఆయనే చెయ్యెత్తి, తన మీద తానే ఒక దెబ్బ జరిమానా రాయించుకున్నాడు. అలాంటి మనిషి మీద ఇప్పుడు దొంగాట నేరం మోపారు.

గోల్ఫులో హ్యాండిక్యాప్ అని ఒక అంకె ఉంటుంది. ఆట తక్కువ వచ్చినవాడికి ఇచ్చే వెసులుబాటు అది. పదహారు హ్యాండిక్యాప్ వాడు ఎన్ని దెబ్బలు కొట్టినా అందులోంచి పదహారు తీసేసి చూస్తారు. ఆట బాగుపడితే అంకె దిగుతుంది, పాడైతే ఎక్కుతుంది. కొందరు ఘనులు కప్పు దగ్గరపడుతుండగా కావాలని చెత్తగా ఆడి, అంకె పెంచుకుని, కప్పు రోజున అసలు ఆట బయటికి తీస్తారు. దాన్ని ఈ క్లబ్బులో 'దొంగనిద్ర' అంటారు. ఎర్ర పెన్సిల్ హ్యాండిక్యాప్ ఎనిమిదేళ్లుగా పదహారు. మూడు నెలల్లో అది ఇరవై ఒకటి అయింది. ఏడాదిలో అయిదుకి మించి పెరగకూడదన్న నిబంధన అక్కడ ఆపింది కాబట్టి ఆగింది, లేకపోతే ఇంకా పాకేదే. మొన్న కప్పు రోజున ఆయన ఎనభై నాలుగు దెబ్బల్లో ఆట ముగించాడు. ఇరవై ఒకటి తీసేస్తే అరవై మూడు. క్లబ్బు పుట్టాక ఆ అంకె ఎవరికీ రాలేదు. చప్పట్లు కొట్టిన చేతులే సాయంత్రానికి వేలెత్తి చూపించాయి.

అసలు సంగతి లోకంలో ఒక్క మేస్త్రికే తెలుసు.

దగ్గరి దెబ్బలకీ, ఇసుక గుంటలోంచి బంతి లేపడానికీ వాడే కర్రని వెడ్జ్ అంటారు. దాని తల అడుగున ఒక ఉబ్బు ఉంటుంది. ఉబ్బు ఎక్కువైతే తల మట్టిలో దిగబడకుండా జారిపోతుంది, తక్కువైతే కత్తిలా దిగుతుంది. నేలని ఊడ్చినట్టు కొట్టేవాళ్లకి తక్కువ ఉబ్బు మంచిది, తవ్వినట్టు కొట్టేవాళ్లకి ఎక్కువ ఉబ్బు ఉండాలి. బావగారు తవ్వే రకం, ఆయనకి పన్నెండు డిగ్రీల ఉబ్బు కావాలి. కొత్త వెడ్జ్ కోసం ఆయన వచ్చిన రోజున మేస్త్రి దగ్గర పన్నెండుది ఒక్కటే ఉంది. అదే రోజు పొద్దున క్లబ్బు కెప్టెన్ వచ్చి, అలాంటిది ఎవరి చేతిలోనో చూసి ముచ్చటపడి, ఆ ఒక్కదాన్నీ అడిగింది. ఆవిడ నేలని ఊడ్చే రకం, ఆవిడకి ఆరు చాలు. ఆ మాట మేస్త్రి నోటిదాకా వచ్చింది. వర్క్‌షాపు గది ఏటేటా మేస్త్రికే ఉంచాలని సంతకం పెట్టేది కెప్టెనే అన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. మాట మింగేసి, పన్నెండు ఆవిడ చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం బావగారికి ఆరు ఇచ్చి, వర్క్‌షాపులో పరిచిన ప్లాస్టిక్ గడ్డి మీద పది బంతులు కొట్టించాడు. ఆ గడ్డి మీద ఏ కర్రయినా బాగానే జారుతుంది. దాని మీద ప్రతివాడూ మొనగాడేనని మేస్త్రే పదిమందికీ చెప్పి నవ్వేవాడు.

"మీ చేతికి కొలిచి చేసినట్టుంది బావగారూ" అన్నాడు ఆ రోజు.

అక్కడితో ఆగినా బాగుండేది. వారం తిరగకుండా బావగారు వచ్చి, ఇసుకలో కర్ర దిగబడిపోతోందని, ఒకసారి చూడమని అడిగాడు. మేస్త్రి నవ్వి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ సంగతి" అన్నాడు. మద్దెల నిజంగానే ఓడు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. బావగారు ఆ మాటని మనసులో పెట్టుకుని రోజూ ఇసుక గుంటలో వంద బంతులు కొట్టాడు, మోచెయ్యి వాచేదాకా. చివరికి కప్పుకి రెండు వారాల ముందు కొత్త సరుకులో పన్నెండు ఉబ్బు తలలు వచ్చాయి. పట్టు తోలు మారుస్తానని బావగారి కర్ర పుచ్చుకుని, పాత తల ఊడదీసి కొత్తది బిగించాడు. దాని మీదున్న 'పన్నెండు' అంకెని అరగదీసి, తన దగ్గరున్న ఇనుప అచ్చుతో 'ఆరు' కొట్టాడు. నల్ల రంగు నింపి, నూనె గుడ్డతో తుడిచి, "పట్టు మార్చానంతే" అని ఇచ్చేశాడు. తప్పు దిద్దేశానని ఆ పూట హాయిగా నిద్రపోయాడు.

ఇదీ జరిగింది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి విచారణ. మేస్త్రి కూడా రావాలని అతని చేతిలో ఉన్న నోటీసు.

* * *

పదిగంటల వేళ అక్క వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. బట్టలు కుట్టే దుకాణంలో పని మధ్యలో లేచి, ఎవరి జాకెట్టో సగంలో వదిలేసి వచ్చిందని చూడగానే తెలిసిపోయింది. తమ్ముడి వర్క్‌షాపుకి ఆవిడ రావడం ఈ ఇరవై రెండేళ్లలో ఇది మూడోసారి.

"కూర్చో అక్కా" అన్నాడు మేస్త్రి, స్టూలు మీద ఇనుపరజను తుడుస్తూ.

"కూర్చోడానికి రాలేదురా." ఆవిడ గదంతా చూసింది. గోడకి వేలాడుతున్న కర్రలు, బెంచీకి బిగించిన పట్టకారు, మూల పరిచిన ప్లాస్టిక్ గడ్డి. ఆ గడ్డి మీద ఆవిడ చూపు పడినప్పుడు మేస్త్రికి ఎందుకో దాన్ని చుట్టేసి ఎక్కడైనా దాచాలనిపించింది.

"నిన్న ఆయన బయటికెళ్లినప్పుడు బల్ల సొరుగు తీశాను" అంది అక్క. "ఆయన ఆట కార్డుల నకళ్లన్నీ అందులో దాచుకుంటారు. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడి జేబులు వెతికినదాన్ని కాదు. నిన్న వెతికాను."

"ఏం దొరికింది?"

"ఏం దొరుకుతుంది? నాకు ఆటే రాదు. అన్నీ అంకెలు. ఎనిమిది, తొమ్మిది, ఏడు. పక్కన ఎర్ర గీతలు." ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నాకు ఒక్కటి చెప్పు. ఆ మూడు నెలలూ ఆయన నాటకమాడారా?"

"అదేం మాటక్కా!"

"నా మాట కాదు, ఊళ్లో మాట. దుకాణానికొచ్చిన ఆవిడ చేతులు చాపి నిలబడి, కొలత ఇస్తూ ఇస్తూ అంది, 'నిప్పు లేకుండా పొగ వస్తుందా' అని. నేనావిడ నడుం కొలత రెండుసార్లు తప్పు రాశాను." అక్క మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటోంది. "మూడు నెలలు పొద్దునా సాయంత్రం మోచేతికి కాపడం పెట్టానురా. 'ఈ వయసులో మీకెందుకండీ ఇంత కసి' అంటే, 'తప్పు నా చేతిలో ఉందట, దిద్దుకోవాలిగా' అనేవారు. ఇప్పుడు పడుకుంటే అదే ఆలోచన. ఆ వాపు కూడా నాటకమేనా అని. అలా ఆలోచిస్తున్నందుకు నామీద నాకే అసహ్యంగా ఉంది."

'తప్పు నా చేతిలో ఉందట.' ఆ 'ట' ఎవరిదో మేస్త్రికి తెలుసు. తేలు కుట్టిన దొంగలా బెంచీ మీదున్న ఆకురాయిని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరిపాడు.

"నా దగ్గరికి ఒక్కోసారి గుడ్డ పట్టుకుని వస్తారు, బిగుతైపోయిందని" అంది అక్క. "కొలత నేనే తప్పు తీసి ఉంటాను. ఒప్పుకుని విప్పి కుడతాను. అంతేగానీ నీ ఒళ్లే వంకర అని ఎవరినీ అనను. అందుకే అడుగుతున్నా. ఆ కర్ర ఇచ్చింది నువ్వు. అందులో ఏమైనా తేడా ఉందా? ఉంటే చెప్పు. నేనేం అనుకోను. ఆయన మంచివాడని నాకు ఎవరో ఒకరు చెప్పాలి, అంతే."

చెప్పేయడానికి ఇంతకంటే మంచి ఘడియ దొరకదు. తలుపు వేసి ఉంది, ఎదురుగా తోడబుట్టింది, పైగా 'ఏం అనుకోను' అని అభయం కూడా ఇచ్చింది. మేస్త్రి నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్ల పేరు, గది తాళంచెవి, కెప్టెన్ సంతకం, అన్నీ కలిసి అడ్డం పడ్డాయి. బయటికొచ్చిన మాట వేరే.

"కర్రలో ఏముంటుందక్కా? ఆడలేక మద్దెల ఓడు అని..."

సగంలో ఆపాడు. కానీ మాట జారిపోయింది.

అక్క వేలికి చుట్టిన టేపు విప్పింది. "ఈ సామెత ఆయనకీ నువ్వే చెప్పావటగా" అంది. టేపు మళ్లీ మెడలో వేసుకుంది. "అయితే తప్పు ఆయనదే అన్నమాట. సరే. ఇంక నేను కూడా అలాగే అనుకుంటాలే."

ఆవిడ వెళ్లిపోయింది. గుమ్మం దాటేటప్పుడు చెంగుతో కళ్లు ఒత్తుకోవడం మేస్త్రి చూశాడు. చూసి కూడా కదల్లేదు. జీవితంలో తాను చేసిన అతి నీచమైన పని వెడ్జ్ తల మార్చడం కాదని, ఇప్పుడు ఈ గదిలో చేసిందేనని అతనికి అర్థమైంది. ఆవిడకి ఒక్క మాట కావాలి. ఆ మాట తన దగ్గరుంది. ఇవ్వలేదు.

చాలాసేపటికి లేచి, గోడలోని చిన్న అర తీశాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఇనుప అచ్చులు వరసగా చెక్క పెట్టెలో ఉన్నాయి. ఆరు అచ్చు తీశాడు. ఎప్పుడో సుత్తి దెబ్బకి దాని పైకొస విరిగింది. దాంతో కొడితే ఆరు ఎప్పుడూ తోక తెగినట్టే పడుతుంది. ఆ అచ్చు జేబులో వేసుకున్నాడు. ఏమైతే అది కానీ, మూడింటికి చెప్పేస్తాను అనుకున్నాడు. ఈసారి నిజంగానే అనుకున్నాడు.

* * *

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, ఏడు కుర్చీలు, గోడ నిండా పాత కెప్టెన్ల ఫొటోలు. బల్లకి అటువైపు కెప్టెన్, పక్కన సెక్రటరీ. కెప్టెన్ వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. నోళ్లు తెరిపించడంలో ఆవిడకి పాతికేళ్ల అనుభవం, అందులోనూ నొప్పి తెలియకుండా. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే మేస్త్రి పని సులువయ్యేది.

ఇటువైపు బావగారు ఒక్కడే కూర్చున్నాడు. తెల్లచొక్కా చేతుల కింద మోచేతి కట్టు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. మేస్త్రి లోపలికి రాగానే, "భోంచేశావుటోయ్?" అని అడిగాడు, ఏదో పెళ్లిలో కలిసినట్టు. మేస్త్రి తలూపాడు. భోంచేయలేదు.

బల్ల మధ్యలో పసుపు గుడ్డ చుట్టిన వెడ్జ్ ఉంది.

"పొద్దున మాస్టారే వచ్చి, మట్టి తుడిచి, గుడ్డ చుట్టి ఇచ్చారు" అన్నాడు సెక్రటరీ బావగారిని చూపిస్తూ, ఆ వివరం కూడా కాగితం మీద రాసుకుంటూ. తర్వాత గొంతు సవరించుకుని నిబంధన చదివాడు. కావాలని హ్యాండిక్యాప్ పెంచుకున్నట్టు తేలితే కప్పు వెనక్కి, ఏడాదిపాటు ఆటకి దూరం, పేరు నోటీసు బోర్డు మీదకి. కమిటీకి తెలిసి తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే సభ్యత్వం శాశ్వతంగా రద్దు.

కెప్టెన్ మూడు నెలల కార్డుల కట్ట విప్పింది. గోల్ఫులో ఎవరి కార్డు వాళ్లు రాసుకోరు, తోటి ఆటగాడు రాస్తాడు, ఆడినవాడు సరిచూసి సంతకం పెడతాడు. బావగారి కార్డుల్లో ప్రతి అంకె పక్కనా చిన్న ఎర్ర గుర్తు ఉంది, ఇసుకలో పోయిన దెబ్బకి ఒకటి, మట్టిలో దిగబడ్డ దెబ్బకి ఇంకొకటి. మూడు నెలలు వరసగా ఉన్నాయి. మేస్త్రికి చదవడం అక్కర్లేకపోయింది. ఆ ఎర్ర గీతలన్నీ తన చేతిరాతే అనిపించింది.

"ఈ కార్డు చూడండి మాస్టారూ" అంది కెప్టెన్. "ఏడో హోల్ దగ్గర మీ స్నేహితుడు మొదట ఎనిమిది రాసి, కొట్టేసి, ఏడు చేశాడు. మీరు ఆ కొట్టేసిన ఎనిమిది కింద చుక్కలు పెట్టారు. ఏమిటివి?"

"అది మా అచ్చాఫీసు అలవాటండీ" అన్నాడు బావగారు. "కొట్టేసినదాని కింద చుక్కలు పెడితే, కొట్టేయకు, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అని. ఆయన జాలిపడి ఒకటి తగ్గించాడు. నేను కొట్టింది ఎనిమిదే."

మేస్త్రికి ఆ చుక్కలు చిన్నప్పటి నుంచీ తెలుసు. చదువుకునే రోజుల్లో అక్క ఇంట్లోనే ఉండేవాడు. భోజనాల బల్ల మీద పరిచిన ప్రూఫుల నిండా అవే. 'బావగారూ, ఈ చుక్కలెందుకు' అని అడిగితే, 'తొందరపడి కొట్టేసినదాన్ని బతికించడానికోయ్' అనేవాడు.

"అంటే ఎక్కువ దెబ్బలు రాయించుకోడానికి ఇంత పట్టుదల పట్టారన్నమాట" అంది కెప్టెన్ నెమ్మదిగా. "బయటి మనిషికి ఇది ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. ఎక్కువ దెబ్బలు పడితేగా హ్యాండిక్యాప్ పెరిగేది."

బావగారి మొహంలో ఏదో మెల్లగా ఆరిపోయింది. తన నిజాయితీ ఇలా కూడా చదవొచ్చని ఆయనకి అప్పటిదాకా తట్టలేదు.

కెప్టెన్ ఇంకో కాగితం తీసింది. "ఇది పొద్దున మీరు రాసిచ్చింది. 'మూడు నెలలూ ఆడింది, కప్పులో ఆడింది ఒకే వెడ్జ్‌తో. ఆట ఎందుకు బాగుపడిందో చెప్పలేను.' కింద సంతకం. ఇందులో మార్పేమైనా ఉందా?"

"లేదండీ."

"సరే." ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "మేస్త్రిగారూ, మిమ్మల్ని పిలిచింది ఇందుకే. దెబ్బలన్నీ ఈ ఒక్క వెడ్జ్ దగ్గరే పోయాయి, బాగుపడింది కూడా దీని దగ్గరే. కర్ర మారి ఉంటే మనిషి తప్పు లేదు. కర్ర అదే అయితే మారింది మనిషే. మీ చెయ్యి తప్పదంటారు, మీ కన్ను కూడా తప్పదనే అనుకుంటున్నాను. చూసి చెప్పండి. మీరు మొదట ఇచ్చింది ఇదేనా?"

మేస్త్రి వెడ్జ్ అందుకున్నాడు. కుడి చేత్తో జేబులోని అచ్చు తడుముకున్నాడు. చెప్పబోయే మాటలు వరసగా పేర్చుకునే ఉన్నాడు. గుడ్డ విప్పి, తల తిరగేసి, అంకె తనవైపు పెట్టుకున్నాడు.

తాను కొట్టిన తోక తెగిన ఆరు అక్కడుంది. దాని కింద వరసగా మూడు ఎర్ర చుక్కలు ఉన్నాయి.

మైనపు పెన్సిల్‌తో పెట్టినవి, ఇంకా మెరుస్తున్నాయి. పొద్దున మట్టి తుడిచేటప్పుడు పెట్టాడన్నమాట. ఈ వెడ్జ్ చివరికి ఎవరి చేతిలోకి వస్తుందో తెలిసే పెట్టాడు.

తల మార్చిన సంగతి బావగారికి తెలుసు. ముప్పై అయిదేళ్లు అచ్చులో ఒక్క అక్షరం వేరే మూసలోంచి పడినా పట్టేసిన కళ్లవి. పట్టు మార్చి ఇచ్చిన రోజే పట్టుకుని ఉంటాడు. పట్టుకుని, ఒక్క మాటా అనకుండా, బావమరిది పరువు కోసం కప్పు ఆడాడు, నిందపడ్డాడు, ఇంట్లో పెళ్లాం అనుమానపు చూపు భరించాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సంతకం పెట్టి అబద్ధం రాశాడు. ఇప్పుడు మూడు చుక్కల్లో చెబుతున్నాడు, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అని.

మేస్త్రి తలెత్తాడు. బావగారు ఇటు చూడటం లేదు. కిటికీలోంచి, మైదానం పనివాడు ఇసుక గుంటని దంతెతో చదును చేయడం చూస్తున్నాడు.

అవునంటే బావగారు మోసగాడు. ఏడాది తర్వాత తిరిగి రావచ్చు, పేరు మాత్రం తిరిగి రాదు. కాదంటే మోసగాడు కాదు, కానీ కమిటీకి అబద్ధం రాసిచ్చినవాడు. అప్పుడు జన్మలో తిరిగి రాడు. కుడితిలో పడ్డ ఎలుకకైనా అంచు కనిపిస్తుంది. మేస్త్రికి అదీ కనిపించలేదు. అక్క మాట గుర్తొచ్చింది. 'ఆయన మంచివాడని నాకు ఎవరో ఒకరు చెప్పాలి.'

"ఇది అది కాదండీ" అన్నాడు.

సెక్రటరీ పెన్ను ఆగింది. బావగారు కళ్లు మూసుకున్నాడు.

"తల మార్చాను. మొదట ఇచ్చింది ఆరు డిగ్రీలది, ఆయనకి పనికిరానిది. పనికిరాదని ఇచ్చేటప్పుడే తెలుసు. పన్నెండుది ఇవ్వాల్సింది, దగ్గర లేదు. కర్ర బాలేదని ఆయనొస్తే, చెయ్యి బాలేదని నేనే అన్నాను. మూడు నెలలు అదే అన్నాను. కప్పు ముందు దొంగతనంగా పన్నెండుది బిగించి, దానిమీద ఆరు అని కొట్టాను. ఇదిగో, కొట్టిన అచ్చు." జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఇనుము చెక్కకి తగిలి చిన్న చప్పుడైంది. "ఆయన అంకె పెరిగింది నావల్ల. దొంగనిద్ర పోయింది నేను."

ఇంత తేలికగా వచ్చేసిన మాట పొద్దున అక్క దగ్గర ఎందుకు రాలేదో మేస్త్రికి అర్థం కాలేదు.

"పన్నెండుది దగ్గర లేదన్నారు" అంది కెప్టెన్. "ఏమైంది?"

"ఆ పొద్దునే ఒకరికి ఇచ్చానండీ. వాళ్లకి అక్కర్లేదు. అడిగారు, కాదనలేకపోయాను."

ఆవిడకి గుర్తొచ్చింది. మొహం ఎర్రబడింది. గది మూలనున్న తన కర్రల సంచీ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాక, గొంతులో డాక్టరు తిరిగొచ్చింది.

"ఒకరి తప్పు తేలింది, ఆ ఒకరి వెనక ఇంకొకరిది కూడా ఉంది. అది తర్వాత చూద్దాం. ఇప్పుడు ఈ కాగితం సంగతి." బావగారి వాంగ్మూలాన్ని వేలితో ముందుకి తోసింది. "ఒకే వెడ్జ్ అని మాస్టారు సంతకం పెట్టారు. తల మారినట్టు ఆయనకి తెలుసా?"

"నేను చెబుతానండీ" అంటూ బావగారు లేవబోయాడు.

"ఆయనకేం తెలీదు!" మేస్త్రి గొంతు గదంతా మోగింది. "ఏం తెలీదండీ. అంకె చూసి అదేననుకున్నారు. నేను అలా అనుకునేలాగే కొట్టాను."

పొద్దున నిజం చెప్పలేక నసిగినవాడు, ఇప్పుడీ అబద్ధాన్ని తడబడకుండా చెప్పాడు. చెబుతూనే బొటనవేలిని ఆరు కిందకి జరిపి, గట్టిగా అదిమి పట్టాడు. మైనం వేడికి మెత్తబడి, వేలికి జిగటగా తగిలింది.

కెప్టెన్ తన ముందున్న కార్డులో కొట్టేసిన ఎనిమిది కింద ఉన్న ఎర్ర చుక్కల్ని చూసింది. తర్వాత మేస్త్రి చేతిని చూసింది. గోరు అంచున సన్నగా ఎర్రటి రంగు బయటికి వస్తోంది.

"బొటనవేలు తీయండి, మేస్త్రిగారూ" అంది.